మగవార్డుకి పంపిన గుడ్డు

పోయిన నెల సుంగై పెటానిలో ఒక ఆస్పత్రిలో నన్ను పడుకోబెట్టారు. పొట్టలో ఏదో గడ్డ. నా కొడుకు జయరామ్ గది బయట డాక్టరుతో నిలబడి చాలాసేపు గుసగుసలాడాడు. ఎనభై దాటిన దాన్ని, చెవులు మొద్దుబారాయి గానీ కళ్లు బాగానే పనిచేస్తున్నాయి. రోగికి తెలియకుండా గుసగుసలాడే మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

కాసేపటికి ఒక అమ్మాయి వచ్చింది. తెల్లకోటు లేదు, మెడలో గొట్టం లేదు. పేరు విజయలెచ్చుమి అట. తాను క్లినికల్ సైకాలజిస్టుననీ, రోగుల మనసూ వాళ్ల ఇంటివాళ్ల మనసూ ఎలా ఉన్నాయో చూసుకోవడం తన ఉద్యోగమనీ చెప్పింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, తన మొహం నా మొహానికి ఎదురుగా వచ్చేలా కూర్చుంది. తమిళం కలిసిన తెలుగులో మెల్లగా అడిగింది. "అమ్మమ్మా, మీ జబ్బు సంగతి మీకే చెప్పాలా, మీ అబ్బాయికి చెప్తే చాలా? మీ ఇష్టం లా." మాట చివర లా అనడం ఇక్కడివాళ్ల అలవాటు.

నాకే చెప్పమన్నాను. చెప్పింది. అదేమిటన్నది నా సొంత గొడవ, ఇక్కడ అక్కర్లేదు. చెప్పాక కూడా ఆ పిల్ల లేచి పోలేదు. ఊరికే కూర్చుంది. ఆ కూర్చున్న తీరు చూస్తే నాకు మా అమ్మ దాలమ్మ జ్ఞాపకం వచ్చింది. మా అమ్మ కాలంలో ఇలాంటి ఉద్యోగం మా వైపు ఏ ఆస్పత్రిలోనూ లేదు. విజయలెచ్చుమికి ఆ పని చదువు నేర్పింది. మా అమ్మకి ఒక తప్పు నేర్పింది. ఆ తప్పు వల్ల వచ్చింది మాత్రం నేను తిన్నాను.

మా తాతలు విశాఖపట్నం రేవులో ఓడెక్కి, సముద్రం దాటి, అప్పట్లో తెల్లదొరలు ఏలిన ఈ దేశపు రబ్బరు తోటలకి వచ్చినవాళ్లు. మా అమ్మ తోటలోనే పుట్టింది, తోటలోనే పెళ్లాడింది. జపాను వాళ్ల కాలంలో, నేను కడుపులో ఉండగా, మా అయ్యని సయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి పట్టుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు. పోయాడనీ ఎవరూ చెప్పలేదు. యుద్ధం అయిపోయాక ఎముకలు మిగిలి తిరిగొచ్చిన వాళ్లు కొందరున్నారు. వాళ్లలో ఒక్కడూ మా అయ్యని చూశాననలేదు, పోవడం చూశాననీ అనలేదు. అందుకని మా అమ్మ బొట్టు తీయలేదు. రోజూ పొద్దున్నే అద్దం ముక్క ముందు నిలబడి ఇంత బొట్టు పెట్టుకునేది. తెలియనంత కాలం మనిషి బతికున్నట్టే అని ఆవిడ లెక్క. నేను ఆ లెక్కలోనే పెరిగాను.

తెలుక్ ఇంటాన్‌ని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. ఆ ఊరికి వెళ్లే దారిలో నాలుగైదు తోటలు కలిసి పెట్టుకున్న చిన్న ఆస్పత్రి ఒకటుండేది. ఒక మగవార్డు, ఒక ఆడవార్డు, మధ్యలో వంటిల్లు. మా అమ్మకి ఆడవార్డులో ఆయా పని దొరికింది. వెనకాల ఒక గది ఇచ్చారు. దొర డాక్టరు వారానికి రెండుసార్లు కారులో వచ్చిపోయేవాడు. మిగతా రోజుల్లో ఆ ఆస్పత్రికి దేవుడు సుబ్రమణియం గారు. ఆయన డ్రెస్సరు, అంటే కట్లు కట్టడం నుంచి మందులివ్వడం దాకా అన్నీ చూసే మనిషి. మంచివాడే. ఏడుపు చూస్తే మాత్రం భయం. ఎవరి పెదవైనా వణికిందంటే చాలు, ఆయనకి మందుల గదిలో పని గుర్తొచ్చేది.

అది ఇక్కడ దొరల సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ కాలం. సర్కారు మీద తిరగబడి తుపాకులు పట్టుకున్న అడవిలోవాళ్లు ఒక పక్క, సర్కారు సోల్జర్లు ఒక పక్క, మధ్యలో తోటల జనం. కూలీల లైనిళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అడవిలోవాళ్లకి తిండి అందకూడదని, వండిన మెతుకు గేటు దాటనిచ్చేవారు కాదు. పొద్దున్నే రబ్బరు చెట్లు గీసి పాలు తీయడానికి పోయే ఆడవాళ్ల బకెట్లు కూడా తడిమి చూసేవారు. బియ్యం కొలిచి ఇచ్చేవారు. మా ఆస్పత్రిలోనూ అదే కొలత.

యాభై రెండులో ఒక పొద్దున తోట లారీ మీద కాల్పులు జరిగాయి. అందులో తోట మూడో డివిజనులో పనిచేసే పైడిరాజు, అతని పెళ్లాం కూర్మమ్మ ఉన్నారు. పైడిరాజుకి ఆ రోజు సెలవు. ఇంట్లో పడుకుంటానన్నవాణ్ణి, ఊళ్లో గాజులు కొనిపెట్టమని కూర్మమ్మే పోరి లారీ ఎక్కించింది. ఆవిడకి తొడలో గుండు దిగింది, అతనికి కడుపులో. ఇద్దర్నీ ఒకే బండిలో తెచ్చి ఆవిణ్ణి ఆడవార్డులో, అతన్ని మగవార్డులో వేశారు. మర్నాడు సాయంత్రానికి పైడిరాజు పోయాడు. అప్పటికి కూర్మమ్మకి జ్వరంతో ఒళ్లు తెలియదు.

శవం కోసం పైడిరాజు అన్న పైడయ్య, తల్లి అప్పలమ్మ వచ్చారు. పైడయ్య మా అమ్మ చేతులు పట్టుకున్నాడు. కూర్మమ్మకి ఈ సంగతి చెప్పొద్దన్నాడు. అసలే రక్తం పోయి ఉంది, వింటే అదీ పోతుంది, ఒకే ఇంట్లో రెండు శవాలు మొయ్యలేనన్నాడు. సుబ్రమణియం గారు డాక్టరుని అడిగితే, కాలు కుదురుకునే దాకా రోగిని కలవరపెట్టవద్దని ఆయనా అన్నాడట. అందరికీ చెప్పకపోవడమే సుఖంగా తోచింది. మా అమ్మకి మరీను. తెలియకపోవడాన్ని పట్టుకుని అన్నేళ్లు బతికిన మనిషి, ఆ బతుకే ఇంకొకరికి కాస్త ఇస్తున్నాననుకుంది.

కూర్మమ్మకి తెలివి వచ్చింది. మొదట అడిగింది మొగుణ్ణే. మగవార్డులో ఉన్నాడనీ, కడుపు కుట్టారు కాబట్టి కదలకూడదనీ మా అమ్మ చెప్పింది. కూర్మమ్మ కాలిని కొయ్యకి కట్టి బరువు వేలాడదీశారు, ఆవిడా లేవలేదు. రెండు వార్డులకీ మధ్య ఉన్నది ఒక్క వంటిల్లే, అయినా వేరే దేశమంత దూరమైంది. అబద్ధం ఒక్కసారి చెప్పి ఊరుకోవచ్చనుకుంది మా అమ్మ. రోజూ దానికి మేత వెయ్యాల్సి వచ్చింది. ఈరోజు గంజి తాగాడు, ఈరోజు కుట్లు విప్పారు, ఈరోజు నిన్ను అడిగాడు. పొద్దున్నే ఒళ్లు తుడిచి, తల దువ్వి, బొట్టు పెట్టేది. ఆస్పత్రి ఆవరణలో పూసిన మందారం తెచ్చి జడలో పెట్టేది. బొట్టు పెట్టకపోతే అనుమానపడుతుందని పెట్టానని చాలా ఏళ్ల తర్వాత నాతో అంది.

రక్తం పట్టాలని డాక్టరు కూర్మమ్మకి రోజూ ఒక గుడ్డు రాశాడు. ఆ రోజుల్లో గుడ్డంటే మాటలు కాదు. కూర్మమ్మ దాన్ని ముట్టుకునేది కాదు.

"గుడ్డంటే ఆయనకి పానం అప్పా. నానే లారీ ఎక్కించి ఇంత సేసినాను. నాకెందుకు, ఆయనకియ్యి," అనేది.

మా వైపు అక్కని అప్ప అంటారు. మా అమ్మ ఆ గుడ్డు పట్టుకుని, కూర్మమ్మ కళ్లెదుటే వంటిల్లు దాటి మగవార్డులోకి నడిచేది. మొదట్లో గుమ్మం పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు, ఆయనకిచ్చేది. ఆయన ఇంటికెళ్లిపోయాక చేతిలో గుడ్డుతో మా అమ్మకి దారి తెలియలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మలేరియా పడి లేచాను, మోచేతులు పుల్లల్లా ఉండేవి. ఒకరోజు ఆ గుడ్డు కొంగులో చుట్టుకుని మా గదికి తెచ్చింది. మర్నాడూ తెచ్చింది. ఉప్పు అద్దుకుని, తెల్లది ముందు తిని, పచ్చసొన ఆఖరికి దాచుకునేదాన్ని. ఎక్కడిదని నేను అడగలేదు. తొమ్మిదేళ్ల పిల్ల గుడ్డుని పట్టుకుని నీది ఏ ఊరని అడుగుతుందా?

పదకొండో రోజు వచ్చింది. మాలో ఆ రోజు పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, ఏటిగట్టుకి తీసుకెళ్లి, ఆకులో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే వాడికి ఆకలో, కోరికో మిగిలిపోయినట్టు. పైడిరాజుకి పిల్లల్లేరు కాబట్టి అన్న పైడయ్యే తలా మీసమూ తీయించుకుని కర్మ చేశాడు. అన్నం, కోడికూర, గుడ్డు వండారు. అవి పట్టుకుని గేటు దగ్గరికి వెళితే సోల్జర్లు ఆపేశారు. వండిన కూడు కంచె దాటకూడదు. చచ్చినవాడికని పైడయ్య ఎంత బతిమాలినా, అడవిలోవాళ్లకేనని వాళ్ల అనుమానం. చేసేది లేక గేటుకి లోపలివైపే ఆకు పరిచారు. అక్కడ బూట్ల చప్పుడు, కుక్కలు, వచ్చేపోయే లారీలు. ఏ కాకి వస్తుంది? పొద్దు వాలేదాకా కూర్చుని లేచిపోయారు. అప్పలమ్మకి గేటు కనిపించలేదు, సోల్జర్లు కనిపించలేదు. పెళ్లాం ఆస్పత్రిలో పూలూ బొట్టూ పెట్టుకుని కూర్చుంటే నా కొడుకెలా ముడతాడని లైన్లన్నీ వినేలా ఏడ్చిందట. మర్నాడు లారీ డ్రైవరు ఈ సంగతి మోసుకొచ్చాడు.

అదే పదకొండో రోజు పొద్దున ఆస్పత్రిలో కూర్మమ్మ దిగులుగా లేచింది. మొగుడు గుమ్మంలో నిలబడి అన్నం అడిగినట్టు కల వచ్చిందట. "ఈయాల నానేటీ తిననప్పా. బన్నూ గుడ్డూ రెండూ ఆయనకే అట్టుకెల్లు," అంది. మా అమ్మ బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, ఆ రెండూ పట్టుకుని వచ్చి నా ముందు పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని నన్నే చూసింది. ఆవిడకీ ఆకలేమో అనుకుని సగం బన్ను చాచాను. తల అడ్డంగా ఊపింది.

నెల దాటాక పైడయ్య మరదల్ని చూడటానికి వచ్చాడు. అన్నాళ్లూ రాకపోవడానికి కారణం కర్మలో గీయించుకున్న గుండు. జుట్టు కాస్త మొలిచింది, దాని మీద తువ్వాలు చుట్టుకున్నాడు. మీసానికి తువ్వాలు చుట్టలేడు కదా. కూర్మమ్మ చూడగానే మీసమేదని అడిగింది. చుట్ట కాలుస్తుంటే అంటుకుందన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మా వాళ్లు చాలామంది అడ్డచుట్ట కాలుస్తారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. పైడయ్య పుట్టి బుద్ధెరిగాక కాల్చింది అదే. నిప్పు నోట్లో ఉంటే మీసం ఎలా అంటుకుంటుంది?

కూర్మమ్మ ఆ ప్రశ్న వెయ్యలేదు. బావ మొహం చూసింది, మా అమ్మ మొహం చూసింది. అరచేత్తో తన నుదురు తుడుచుకుంది. పైడయ్య మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. సుబ్రమణియం గారు మందుల గదిలోకి వెళ్లిపోయారు. మిగిలింది మా అమ్మ.

ఎప్పుడు పోయాడని కూర్మమ్మ అడిగింది. మా అమ్మ చెప్పింది. పదకొండో రోజున కూడా బొట్టు పెట్టావా అని అడిగింది. పెట్టానంది. పువ్వు కూడానా అంటే తల ఊపింది. మరి నేను పంపిన గుడ్లు ఏమయ్యాయని అడిగింది. గుమ్మం పక్క మంచం ముసలాయనకిచ్చానని మా అమ్మ అంది. మొదటి కొద్ది రోజులకి అది నిజమే, అందుకే నోటికి అంత తేలిగ్గా వచ్చింది.

"నీ మొగుడున్నాడో నేడో నీకు తెల్దు. తెలకుండానే బొట్టెట్టుకుంటన్నావు, అది నీ కర్మ," అంది కూర్మమ్మ. "నాకెందుకు అంటించినావప్పా? ఆయన కోసం ఏడవాల్సిన రోజున పూలెట్టుకుని కూకున్నాను."

ఆ తర్వాత కూర్మమ్మ మా అమ్మ చేత నీళ్లు కూడా తాగలేదు. కాలు కుదురుకున్నాక కుంటుకుంటూ అత్తగారింటికే వెళ్లింది. వేరే ఎక్కడికి వెళుతుంది?

ఆ ఏడే మా అమ్మ బొట్టు తీసేసింది. మా అయ్యకి కర్మ చేయించింది. ఆస్పత్రికి కంచె లేదు కాబట్టి కాలవగట్టున ఆకు పరిచాం. పరిచీ పరచగానే కాకి వాలింది. మా అమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆయన అన్నేళ్లూ ఆకలితో వాకిట్లో నిలబడ్డాడు, నేనే తలుపు తియ్యలేదు అని ఏడ్చింది.

ఆ తర్వాత మా అమ్మ సుబ్రమణియం గారి దగ్గరికి వెళ్లి, రోగులకి ఇక అబద్ధం చెప్పననీ, ఆ పనికి ఇంకో ఆయాని చూసుకోమనీ చెప్పేసింది. ఆయనకి మొదట కోపమొచ్చింది. అయితే నిజం చెప్పేటప్పుడు పక్కన తను కూర్చుంటాననీ, ఏడుపు తను చూసుకుంటాననీ మా అమ్మ అనేసరికి కోపం పోయింది. అప్పట్నుంచీ ఆ ఆస్పత్రిలో ఏ చెడ్డకబురైనా మా అమ్మ ముక్కాలిపీట లేకుండా చెప్పలేదు. పీట మంచం దగ్గరికి లాక్కుని, రోగి కళ్లకి తన కళ్లు ఎదురొచ్చేలా కూర్చునేది. ముందు నీకేం తెలుసని అడిగేది. చాలామందికి సగం తెలిసే ఉండేది. మిగతా సగం రెండు మాటల్లో చెప్పేది. చెప్పి లేచిపోయేది కాదు. వాళ్లు తిట్టినా, గోడవైపు తిరిగి పడుకున్నా, కూర్చునే ఉండేది. ఇంటివాళ్లు వచ్చి రోగికి చెప్పొద్దంటే, చెప్పకపోతే ఎవరికి సుఖం, ఆయనకా మీకా అని అడిగేది. కొందరు ఆలోచించేవారు. ఒక తల్లి చెంప మీద కొట్టింది. మా అమ్మ చెంప తడుముకుని మళ్లీ అదే పీట మీద కూర్చుంది.

యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. ఇరుగుపొరుగు కూర రుచి చూడమని తెచ్చేవారు, ఉప్పెక్కువైందని చెప్పించుకుని వెళ్లేవారు. నా చీర రంగు నాకు నప్పలేదని పెళ్లిలో నలుగురి మధ్యా చెప్పింది. ఇంత నిజం మనిషి మా ఇంట్లో ఒక్క సంగతి మాత్రం దాచింది. కూర్మమ్మ వెళ్లినప్పట్నుంచీ మా పొయ్యి మీద గుడ్డు ఉడకలేదు. ఎందుకని అడిగితే పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నానంది. కోళ్లగంప పక్కగా నడవాల్సొస్తే మొహం తిప్పుకునేది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుండేది ఆ వాలకం. నాకేం తెలుసు, మొక్కే అనుకున్నాను.

యాభై ఏడు ఆగస్టులో అప్పలమ్మని కడుపు ఉబ్బి ఆస్పత్రికి తెచ్చారు. తోడుగా వచ్చింది కూర్మమ్మ. అయిదేళ్లలో పదిహేనేళ్లు ముదిరింది. మా అమ్మని చూసి తల ఊపింది, మాట్లాడలేదు. డాక్టరు చూసి, వారం మించదన్నాడు. మా అమ్మ పీట లాక్కుని కూర్చుంది. నీకేం తెలుసని అడిగితే, పోతానని తెలుసులే అంది ముసలావిడ. చావంటే భయం లేదంది. పైకెళ్లి కొడుక్కి ఏ మొహం చూపించాలన్నదే ఆవిడ బాధ. ఆకలితో పంపాను, కాకి ముట్టలేదు అని ఒకటే మాట. దానికి కారణం ఈ కోడలేనని వేలు చూపించేది. కూర్మమ్మ పట్టిన గంజి తాగేది కాదు. అయిదేళ్లుగా ఇంట్లో ఇదే పాట అని పైడయ్య తల దించుకుని చెప్పాడు. అతను మీసం మళ్లీ పెంచలేదు.

మెర్డెకా రోజు, అంటే ఈ దేశానికి స్వతంత్రం వచ్చిన రోజు, ఆస్పత్రి వరండా అంతా కాగితం జెండాలు కట్టారు. రోగులకి పాయసం పోశారు. సుబ్రమణియం గారి గదిలో రేడియో గరగరలాడుతుంటే నడవగలిగిన వాళ్లంతా కిటికీ దగ్గర మూగారు. రేడియోలో జనం మెర్డెకా అని అరిస్తే ఇక్కడ వీళ్లూ అరిచారు. కూర్మమ్మ మాత్రం వరండా చివర మా అమ్మ వెనకాలే వచ్చి నిలబడింది. అయిదేళ్ల తర్వాత మొదటిసారి మాట్లాడింది.

"నువ్విప్పుడు అబద్దాలాడవని ఇన్నానప్పా. నాకోసం ఒక్కటాడు. కాకి ఆనాడు ముట్టినాదని మా అత్తకి సెప్పు. నా మాట నమ్మదు, నీ మాట నమ్ముతాది."

మా అమ్మ ఆవిణ్ణి ఉండమని చెప్పి మా గదికి వచ్చింది. నేను కొత్త గౌను వేసుకుని, కాగితం జెండా పట్టుకుని రేడియో దగ్గరికి బయల్దేరుతున్నాను. పద్నాలుగేళ్లు నాకు. నా చెయ్యి పట్టుకుని ఆడవార్డులోకి తీసుకుపోయింది. ఎందుకో చెప్పలేదు.

అప్పలమ్మ మంచం దగ్గర పీట మీద కూర్చుని మా అమ్మ మొదలుపెట్టింది. పదకొండో రోజు పొద్దున కూర్మమ్మకొచ్చిన కల చెప్పింది. పచ్చిమంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా బన్నూ గుడ్డూ మొగుడికి పంపిందని చెప్పింది. అక్కడ ఆగింది. కూర్మమ్మ మంచానికి ఇవతల నిలబడి వింటోంది.

"ముసిలాయనకిచ్చినానని నీ కోడలికి అబద్దం సెప్పినాను," అంది మా అమ్మ. "ఆయనెప్పుడో ఎల్లిపోనాడు. ఆనాడు దాన్ని దొంగతనంగా అట్టుకెల్లి నా గుంటకెట్టినాను. ఆకలి మీదుంది. ఒక్క ముక్క మిగల్సకుండా తిన్నాది. ఇదే ఆ గుంట."

నన్ను ముందుకి తోసింది. నాకు అప్పుడే తెలిసింది. ఉప్పద్దుకున్న పచ్చసొన రుచి నాలిక మీదికి వచ్చింది. చచ్చినవాడి కూడు తిన్నానా అనుకున్నాను. ముసలావిడ లేచి నా జుట్టు పట్టుకుంటుందేమోనని భయపడ్డాను. మా అమ్మ తల వంచుకుంది. దెబ్బ పడితే తన మీదే పడాలన్నట్టు నాకు అడ్డంగా కాస్త వంగి కూర్చుంది.

అప్పలమ్మ నన్ను చాలాసేపు చూసింది. వాచిన చెయ్యి ఎత్తి నా పొట్ట మీద పెట్టింది.

"కడుపు నిండినాదా?" అంది.

"నిండినాది," అన్నాను.

ముసలావిడ కళ్లు మూసుకుంది. "అయితే ముట్టినాడు," అంది మెల్లగా. కాసేపయ్యాక కూర్మమ్మని పిలిచి గంజి అడిగింది. కోడలి చేత్తో రెండు గుక్కలు తాగింది. ఆ వారంలోనే పోయింది. పోయేదాకా మళ్లీ కాకి మాట ఎత్తలేదు.

ఆ మెర్డెకా రోజునే గంజి గిన్నె కడుక్కోవడానికి వచ్చిన కూర్మమ్మ కుళాయి దగ్గర మా అమ్మ పక్కన నిలబడింది. కోపంగా లేదు. కోపమే నయమనిపించేలా ఉంది.

"ఈ మాట ఆనాడే సెప్పుంటే అయిదేళ్ల తిట్లు నాకు తప్పును గదప్పా," అంది.

"తప్పును," అంది మా అమ్మ.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆలస్యంగా చెబితే ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పలేదు. నిజం మనిషని ఊరంతా మెచ్చుకుంటున్న అయిదేళ్లూ, ఆ ఒక్క నిజం చెప్పని పాపానికి కూర్మమ్మ ఒక ముసలిదాని నోట్లో నానుతూనే ఉంది. ఆ సంగతి మా అమ్మ ఎప్పుడూ మర్చిపోలేదు. ఎవరైనా తనని మెచ్చుకుంటే లేచి వెళ్లిపోయేది.

గదికి వచ్చాక మా అమ్మ తలుపు దగ్గరే నిలబడింది. నా వైపు చూడకుండా అడిగింది, నిజంగానే కడుపు నిండేదా అని.

ముసలావిడకి నిండిందని చెప్పగలిగాను. మా అమ్మకి చెప్పలేకపోయాను. అబద్ధం ఆవిడ ముందు నిలబడదు.

"నేదమ్మా," అన్నాను. "ఇంకోటుంటే బాగుణ్ణనిపించేది. నీకు సెప్పలేదు."

మా అమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. చచ్చినవాడి నోటి దగ్గరది తీసుకొచ్చి పెట్టినా పిల్లకి ఆకలి తీరలేదని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. కాసేపటికి లేచి, చీనావాడి కొట్టుకి వెళ్లి రెండు గుడ్లు కొనుక్కొచ్చింది. ఉడకబెట్టి, వలిచి, ఉప్పు పక్కన పెట్టి నా ముందు ఉంచింది. పీట లాక్కుని, తన కళ్లు నా కళ్లకి ఎదురొచ్చేలా కూర్చుంది. బయట పిల్లలు ఇంకా మెర్డెకా అని అరుస్తూనే ఉన్నారు.

ఒకటి తిన్నాను. రెండోది ఆవిడకి చాచాను. తల అడ్డంగా ఊపింది. అదీ నేనే తిన్నాను. ఆ రోజు నుంచీ మా ఇంట్లో గుడ్డు మళ్లీ ఉడికింది. నేను తిన్నాను, నా పిల్లలు తిన్నారు. మా అమ్మ మాత్రం పోయేదాకా ముట్టలేదు.